జేబులో ప్రాసెసర్, నోటికి తాళం

బోనాలకు నాలుగు రోజుల ముందు మా అక్క దుకాణం మూయించబోయిన ఘనుణ్ణి నేనే. నవ్వుకోండి, ఫర్వాలేదు. ఆ రోజు మాత్రం నాకు ఏడుపొక్కటే తక్కువ.

లాల్‌దర్వాజాలో అక్కది ఫ్లెక్సీలు డిజైన్ చేసే చిన్న దుకాణం. ఏడాదంతా ఈగలు తోలుకున్నా బోనాలప్పుడు ఊపిరి సలపదు. సరిగ్గా అప్పుడే కంప్యూటర్‌లో మదర్‌బోర్డు కాలిపోయింది. అందులో బిగించే ప్రాసెసర్ బాగానే ఉంది. సాయంత్రానికల్లా ఫైళ్లు ప్రింటింగ్‌కు పంపకపోతే ఆర్డర్లన్నీ పక్క గల్లీకి పోతాయి.

"మెకానిక్‌ను పిలుస్త తమ్మీ," అంది అక్క.

"ఎందుకక్కా, మస్తు వీడియోలు చూసిన. బోర్డు తెచ్చి నేనే బిగిస్త," అన్నాను. పాపం, నమ్మింది.

ప్రాసెసర్‌ను చిన్న డబ్బాలో పెట్టి, చొక్కా జేబులో వేసుకుని, పురానాపూల్ దగ్గర పాత కంప్యూటర్ సామాను అమ్మే ఖాదర్ భాయ్ దుకాణానికి వెళ్లాను. మా ఇంట్లో బేరానికి ఒకటే సూత్రం: మనకేం కావాలో దుకాణదారుకు తెలిస్తే రేటు పెంచేస్తాడు. చీరైనా చింతపండైనా మొహం అటు తిప్పుకునే కొనాలి.

"ప్రాసెసర్ ఏది భాయ్?" అడిగాడతను.

"ఊకనే చూస్తున్న."

"చూడు, గని ఏ ప్రాసెసరో చెప్పు. అన్ని బోర్డులకు అన్ని పట్టయి."

"అది నీకెందుకన్నా. గా నల్ల బోర్డు ఎంత?"

"అరే భాయ్, నీ మంచికే అడుగుతున్న."

ఇలాంటి మంచివాళ్లను ఎంతమందిని చూడలేదు అనుకుని, జేబు మీద చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. మూడుసార్లు మెట్లు దిగాను, మూడుసార్లూ వెనక్కి పిలిచాడు. చివరికి చెప్పిన ధరలో సగానికి కొట్టేసి నవాబులా ఆటో ఎక్కాను.

దుకాణంలో అక్క రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. "ఇదేంది తమ్మీ, ప్రాసెసర్ కింద ముళ్లే ఉన్నయి, బోర్డు మీద గూడ ముళ్లే ఉన్నయి. మరి బొక్కలేవి?"

వీడియోల పండితుడికి తట్టనిది ఆమెకు ఒక్క చూపులో తట్టింది. "జర గట్టిగ నొక్కితే కూసుంటదేమో," అన్నాను.

"దాన్ని నొక్కినవంటే నేను నీ గొంతు నొక్కుత," అంటూనే కళ్లనీళ్లు పెట్టుకుంది. "గల్లీ పోరగాండ్లకు ఏం చెప్పాలె? అడ్వాన్సులు గూడ ఇచ్చిన్రు." నాకు తల కొట్టేసినట్టయింది.

మళ్లీ ఆటో. ఈసారి మారుమాట లేకుండా డబ్బా తీసి ఖాదర్ భాయ్ ముందు పెట్టాను. అతను మూత తెరిచి చూసి, నా వైపు చూశాడు.

"పొద్దున గిది యాడుండె?"

"జేబుల్నే."

అతను పొద్దున అమ్మిన బోర్డు వెనక్కి తీసుకుని, పక్క అరలోంచి ఇంకోటి తీశాడు. "ఇది పడ్తది. నువ్వు లొల్లి చేసి సగానికి కొట్టినవు చూడు, దానికన్నా గిది సస్తా. మిగిలిన పైసలు ఆటోకు పెట్టుకో."

సాయంత్రం ఫైళ్లు ప్రింటింగ్‌కు పోయాయి. అక్క నాతో రెండు రోజులు మాట్లాడలేదు. లాల్‌దర్వాజా అమ్మవారి సాక్షిగా ఆనాడే శపథం చేశాను: బొందిలో ప్రాణముండగా దుకాణదారు దగ్గర ఏదీ దాచను. మొన్న చెప్పుల దుకాణంలో "సైజెంతన్నా?" అని అడిగితే, రెండు పాదాలూ తీసుకెళ్లి గల్లాపెట్టె మీదే పెట్టాను.