ట్యాంకు మూతకు తాళం

"ఆ బండి బావ చెయ్యి పడితేనే లేచేది." మా చుట్టాలు ఈ మాట చెప్పుకొని ఇప్పటికీ నవ్వుతారు. నవ్వేవాళ్లలో ఒక్కరు కూడా ఐసు లోడుతో ఎన్నూరు రోడ్డులో డీజిల్ పికప్పు తోలినవాళ్లు కారు. నేను తోలాను. అందుకే ఆ నవ్వు వింటే నాకు ఒళ్లు మండుతుంది.

మా చూలై పేటలో నేను పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సు మూతపడ్డాక, మా అక్క చెప్పగా చెప్పగా బావ తన పికప్పు నాకు అప్పగించాడు. ఆయనకు మైలాపూరులో ఆఫీసు ఉద్యోగం. బండి పక్క వ్యాపారం. పొద్దున్నే ఐసు గడ్డలు ఎక్కించుకొని, గోనెపట్టాలు కప్పి, ఎన్నూరు ఉప్పుటేరు గట్టున చేపలమ్మే ఆడవాళ్లకు దించి రావడం నా పని. నాకంటే ముందు ఆ బండి తోలినవాడు దారిలో డీజిల్ తీసి అమ్ముకునేవాడట. బావ వాణ్ణి పంపేశాడు గానీ అనుమానాన్ని పంపలేదు. దాన్ని బండితో పాటు నాకే అప్పగించాడు.

నేను చేరిన కొత్తలోనే బండికి మార్పులు చేయించాడు. పక్క పలకలు ఎత్తు చేయించాడు. చెవులు పగిలే హారన్ పెట్టించాడు. కంపెనీ ట్యాంకు చిన్నదని విప్పించి, షెడ్డులో రేకుతో పెద్ద ట్యాంకు కట్టించాడు. దానికి తాళం పడే మూత, మూత కింద చుక్క కారకుండా మందపాటి రబ్బరు వాషరు. ఆదివారం తనే బంకుకు తీసుకుపోయి వారానికి సరిపడా నింపించి, తాళం వేసి, చెవి తన స్కూటరు తాళాల గుత్తిలో తగిలించుకునేవాడు.

"ఏం బామ్మర్దీ, ఇంటి దొంగను ఈశ్వరుడు కూడా పట్టలేడంట. అందుకే తాళం ఏసినా," అన్నాడు తాళం వేసిన మొదటి రోజే, నా భుజం తట్టి నవ్వుతూ.

మా ఇళ్లలో బావకు బామ్మర్దిని ఏ మాటైనా అనే హక్కుంది. బామ్మర్ది తిరిగి పరాచికం ఆడవచ్చు గానీ కోపం తెచ్చుకోకూడదు. ఎవరైనా నేరుగా దొంగవని అంటే కాలరు పట్టుకొని అడగవచ్చు. బావ నవ్వుతూ అంటే ఏం చేస్తాం? "నేను దొంగను కాను" అన్నానా, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టే అవుతుంది. అలా ఆ మాట జవాబు లేకుండా ఇంట్లో ఉండిపోయింది.

ట్యాంకు మారిన వారంలోనే బండి ఆగడం మొదలుపెట్టింది. ఎన్నూరు రోడ్డెక్కిన కాసేపటికి దమ్ము తగ్గి, కుదిపి కుదిపి, నడిరోడ్డులో చచ్చేది. ఎంత సెల్ఫ్ కొట్టినా లేచేది కాదు. వెనక కంటెయినర్ లారీల హారన్లు. గోనెపట్టాల కింద నుంచి ఐసు కరిగి ధారగా రోడ్డు మీదకు. గట్టున గంపలు పెట్టుకొని కూర్చున్న ఆడవాళ్లు ఫోన్ చేసి నన్ను తిట్టేవాళ్లు. నేను బావకు ఫోన్ చేసేవాణ్ణి.

బావ స్కూటరు మీద వచ్చేవాడు. దిగీదిగగానే ఇంజను వైపు చూసేవాడు కాదు. గుత్తి తీసి ట్యాంకు మూత తెరిచి, కర్ర ముంచి, డీజిల్ ఎక్కడి దాకా ఉందో తడి చూసుకునేవాడు. మళ్లీ మూత బిగించి, తాళం వేసి, అప్పుడు డ్రైవరు సీట్లో కూర్చొని సెల్ఫ్ కొట్టేవాడు. బండి కాసేపు మూలిగి, బుద్ధిగా లేచేది.

"చూసినావా? నా చేతికైతే లేస్తాది. ఆడలేక మద్దెల ఓడంటే ఎట్ల రా?" అనేవాడు.

చూలైలో నాతో బడికి వచ్చినవాడొకడు మెకానిక్కు. బండి అతని దగ్గరికి తీసుకుపోయాను. "గాలి పట్టింది ప్పా. ఈడ యాడో పైపు గాలి పీలుస్తా ఉంది," అన్నాడు. పైపులు విప్పి మార్చాడు, ఫిల్టరు మార్చాడు, డీజిల్ పంపు మార్చాడు. విప్పి బిగించిన ప్రతిసారీ బండి లేచేది. మర్నాడు ఎన్నూరు రోడ్డులో మళ్లీ ఆగేది. మూత సంగతి ఇద్దరికీ తట్టలేదు. దాని తాళంచెవి మా దగ్గర లేదు. లోపల డీజిల్ ఉందని మీటరు ముల్లు చూపిస్తోంది కదా, ఇక మూతతో పనేముంది అనుకున్నాం.

ఇంకో చిత్రం. ట్యాంకు నిండుగా ఉన్న సోమవారాల్లో బండి మరీ త్వరగా ఆగేది. వారం చివర డీజిల్ తగ్గాక కాస్త దూరం వచ్చేది. ఇది బావ గమనించాడు. గమనించి ఊరుకుంటే ఆయన మా బావ ఎందుకవుతాడు?

"నిండుగా ఉన్నప్పుడే ఆగతాదేంది రా? పైన తాళం ఉంటే ఏం, కింద పైపు ఉందిలే," అన్నాడు భోజనాల దగ్గర, చుట్టాలందరి ముందు. అందరూ నవ్వారు. అక్క ఒక్కతే నవ్వలేదు. నాకు ప్రాణం లేచి వచ్చినట్టయింది.

తర్వాత నేను చెయ్యి కడుక్కుంటుంటే అక్క పక్కన వచ్చి నిలబడింది. "నిజం చెప్పు రా. అవసరం పడి ఏమన్నా తీసినావా? నాతో చెప్పు, ఆయనకు చెప్పన్లే," అంది.

నన్ను చంకనేసుకొని పెంచిన మనిషి. బావ వంద అన్నా పరాచికం కింద కొట్టేయవచ్చు. అక్క పరాచికం ఆడలేదు. నాకు ఏడుపు వచ్చింది, కోపం వచ్చింది, చెయ్యి తుడుచుకోకుండానే బయటికి వచ్చేశాను. ఆ రోజు నుంచి నాకు కావలసింది ఒక్కటే: వీడు తీయలేదు అని ఆ ఇంట్లో ఒక్కరి నోట రావాలి.

ఒక ఆదివారం బావ ట్యాంకు నింపించి, బండి కడిగించుకు రమ్మని నన్ను పంపాడు. నీళ్ల పైపు దాకా పోయి తిరిగి వస్తుంటే మా వీధి మొదట్లోనే ఆగిపోయింది. బావ నడిచి వచ్చి, అలవాటుగా మూతకు చెవి పెట్టాడు. నేను చక్రం పక్కన గొంతుక్కూర్చొని ఉన్నాను. వీధిలో లారీలు లేవు, హారన్లు లేవు. మూత వదులవగానే బుస్సుమని గాలి లోపలికి పోయిన చప్పుడు వినిపించింది.

నూనె డబ్బాకు ఒక్క చిల్లు పెడితే నూనె సరిగ్గా రాదు. గాలి పోవడానికి రెండోది కూడా పెట్టాలి. ఇది మా వంటింట్లో అందరికీ తెలుసు. ఆ ట్యాంకుకు రెండో చిల్లు లేదు. ఇంజను డీజిల్ తాగేకొద్దీ లోపల గాలి చాలక, చివరికి డీజిల్ రావడమే మానేసేది. నిండు ట్యాంకులో ఉండే గాలే తక్కువ, అందుకే మరీ త్వరగా. బావ నన్ను దొంగగా పట్టుకోవడానికి మూత తెరిచినప్పుడల్లా బండికి ఊపిరి వచ్చేది. ఆ ఊపిరి తన చేతి మహిమ అనుకున్నాడు ఆ మహానుభావుడు.

"బావా, మూసెయ్. ఈసారి ఆగితే మూత తెరవబాక. ఊరికే సెల్ఫ్ కొట్టు," అన్నాను.

మెకానిక్కును కూడా పిలిచి ఎక్కించుకొని బయల్దేరాం. పెరియమేడు దాటాక ఆగింది. బావ సీట్లో కూర్చొని కొట్టాడు, కొట్టాడు, బ్యాటరీ నీరసించేదాకా కొట్టాడు. లేవలేదు. "ఇప్పుడు మూత తియ్యి," అన్నాను. తీశాడు. బుస్సుమంది. బండి లేచింది.

మెకానిక్కు నెత్తి కొట్టుకున్నాడు. "ట్యాంకుకు ఊపిరే లేదు ప్పా! మనం పైపులు మార్చుకుంటా ఉన్నాం!"

నేను బావ మొహం చూస్తూ నిలబడ్డాను. క్షమాపణ అడిగే మనిషి కాడని తెలుసు. పోనీ, పరాచికంగానైనా ఒక్క మాట అంటాడేమో అని. "అయితే మూతకు సన్నంగా చిల్లు పెట్టు," అన్నాడు మెకానిక్కుతో. షెడ్డుకు పోయి చిల్లు పెట్టించాడు. మూత బిగించి, తాళం వేసి, గుత్తి జేబులో వేసుకున్నాడు.

"బావా, ఆ చెవి ఇంక నా దగ్గర ఉండనీ," అన్నాను.

"ఎందుకు రా? ఇంక బండి ఆగదు గదా," అన్నాడు.

ఇంటికి పోయి అక్కకు మొదటి నుంచి చివరిదాకా చెప్పాను. ఆమె ముందు ఆ బుస్సుమనే చప్పుడు కూడా చేసి చూపించాను. అక్క అంతా విన్నది. ఆఖరున గొంతు తగ్గించి అంది:

"అంతా తేలిపోయింది గదా, ఊరుకోవాల్సింది. చెవి ఎందుకు అడిగినావు రా? ఇప్పుడు ఆయనకు అనుమానం రాదా?"