గిర్దావరు అచ్చిండు

నా బిడ్డకు అన్నం తినిపించడం నాలుగేళ్ల దాకా మా ఇంట్లో అందరికీ ఒక పని. బుక్క దవడకు చేర్చుకుని, మింగకుండా ఎంతసేపైనా కూర్చునేది. నేను వాకిట్లో తిప్పేదాన్ని, పిట్టలను చూపించేదాన్ని, బతిమాలేదాన్ని. మా అత్తమ్మకు అంత ఓపిక లేదు. తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి ఒకే మాట అనేది: "గిర్దావరు అచ్చిండు."

పిల్ల మింగేది.

గిర్దావరంటే భూములూ పంటలూ తనిఖీ చేసే సర్కారు మనిషి. ఏడాదికి రెండు మూడు సార్లు గుర్రం మీద, వెనుక చప్రాసీతో మా ఊరికి వచ్చేవాడు.

పట్నంలో కాలేజీలో నేను మనస్తత్వశాస్త్రం చదివాను. భయం పుట్టుకతో వచ్చేది కొంతేననీ, మిగతాదంతా మనుషులు నేర్పేదేననీ అక్కడ చెప్పారు. రోజూ గంట కొట్టి తిండి పెడితే, కొన్నాళ్లకు గంట వినగానే కుక్కకు నోరూరుతుందని కూడా చెప్పారు. ఒకరోజు ఇదంతా అత్తమ్మకు చెప్పాను.

"అయితే నా మనుమరాలు కుక్కంటవు."

"గట్ల కాదత్తమ్మా. భయపెట్టి నేర్పితే..."

"నీ మొగడు గిట్లనే పెరిగిండు. ఇయ్యాల కచేరిల కుర్చీ మీద కూసుంటలేడా? ఏమైంది వానికి?"

నా భర్త ఎల్లారెడ్డి తహసీలు కచేరీలో రాతపని చేసే ముంషీ. పదిహేను రోజులకోసారి ఇంటికి వస్తాడు. తహసీల్దారు పిలిచాడంటే జ్వరంలో కూడా లేచి పోతాడు. ఆ సంగతి నాకు తెలుసు, అత్తమ్మతో అనలేదు.

గిర్దావరు మాట నా నోట రాకూడదని గట్టిగా అనుకున్నాను. ఒక పొద్దున అత్తమ్మ పొలానికి పోయింది, నాకు ఒంట్లో బాగాలేదు, పిల్ల మూడో బుక్క కూడా నా చీర మీద ఉమ్మింది. అన్నాను. గిన్నె ఖాళీ అయింది. నేను గిన్నెనే చూసుకున్నాను, పిల్ల ముఖం చూడలేదు. ఆ తర్వాత తల దువ్వించుకోకపోతే అన్నాను, పడుకోకపోతే అన్నాను. చదివింది మరిచిపోలేదు. అన్నీ తెలిసే అన్నాను.

ఒక్క మాటతోనే అంత భయం పుట్టిందని ఇప్పుడు అనుకోను. గిర్దావరు నిజంగా వచ్చిన రోజు పిల్ల నా కొంగు పట్టుకుని గడప వెనుక నుంచి చూసింది. మా మామ పెద్ద కాపు. ఇంట్లో ఆయన దగ్గితే చాలు, మేమందరం సర్దుకుంటాం. ఆ మామ చెప్పులు విడిచి, భుజం మీది కండువా తీసి చంకలో పెట్టుకుని, తన కొడుకు కన్నా చిన్నవాడైన చప్రాసీని "అన్నా" అని పిలిచాడు. వాకిట్లో ఉన్న పనివాళ్లు ఎక్కడివాళ్లక్కడ గోడకు ఆనుకున్నారు. పిల్ల తాత కాళ్లనే చూస్తోంది.

"తాత చెప్పులేవే?" అని గుసగుసగా అడిగింది.

నేను నోరు మూసుకొమ్మన్నాను.

ఎండలు ముదురుతున్నప్పుడు టీకాలు వేసేటాయన వచ్చాడు. ఒంటి మీద ఖాకీ కోటు, వెనుక పెట్టె మోసే బంట్రోతు. పక్క ఊళ్లలో మశూచి ఉందని అప్పటికే విన్నాం. నేను ఆయన కోసమే ఎదురుచూస్తున్నాను. పిల్ల చెయ్యి కడిగి తీసుకొద్దామని లోపలికి పోతే, పిల్ల లేదు. బావి దగ్గర చూశాం, అటక మీద చూశాం, వడ్ల గుమ్మి వెనుక చూశాం. ఆయన అరుగు మీద కూర్చుని చల్ల తాగుతున్నాడు.

"ఊరంత గిట్లనే ఉన్నదమ్మా. ఏ ఇంటికి పోయినా పిల్లలు లేరంటున్నరు. మీది చదువుకున్నోళ్ల ఇల్లు, ఈడనన్న దొరుకుతరని వచ్చిన."

"ఇంకొంచెంసేపు ఆగండి. ఇక్కడే ఎక్కడో ఉంటది."

"పొద్దు గూకక ముందు రాజంపేటల ఉండాలె. మళ్ల వచ్చినప్పుడు ఏస్త తియ్యి."

ఆయన మళ్లీ రాలేదు.

పిల్ల చాలాసేపటికి పశువుల కొట్టంలో గడ్డి వెనుక దొరికింది. మేం పిలిచిందంతా విన్నదట. చప్పుడు బయటికి రాకుండా తన ముంజేతిని తానే కొరుక్కుని కూర్చుంది. పళ్ల గాట్లు ఎర్రగా ఉన్నాయి.

"గిర్దావరు పోయిండా?" అంది.

"పోయిండు నా బంగారం. నేనే ఎల్లగొట్టిన," అని అత్తమ్మ ఎత్తుకుంది.

మర్నాడే కామారెడ్డి దవాఖానకు తీసుకుపోదామన్నాను. బండి కట్టారు. పిల్ల వణకడం చూసి, రెండు రోజులు ఆగుదామని నేనే అన్నాను. రెండు రోజులు పది రోజులయ్యాయి. ఇంట్లో మిగతా తప్పులన్నీ పంచుకోవచ్చు. ఆగుదామన్నది మాత్రం నేనొక్కదాన్నే.

పిల్లకు తల్లి పోసింది, మశూచే. గుమ్మానికి వేపాకు కట్టారు. పిల్ల బతికింది. కుడి కంట్లో పువ్వు వేసింది, ఆ కన్ను పోయింది. ఎడమ కంటితో పొగలోంచి చూస్తున్నట్టు చూసేది. ఆ ఒక్క కన్నయినా నిలుస్తుందా లేదా అన్నదే ఇక మా అందరి బతుకు. రోజుకు మూడుసార్లు చుక్కలు వేయాలనీ, వారానికోసారి తెచ్చి చూపించాలనీ కామారెడ్డి డాక్టరు చెప్పాడు.

డాక్టరు బూట్ల చప్పుడు వింటే చాలు, పిల్ల రెప్పలు బిగించేది. మొదటిసారి నలుగురం పట్టుకోవలసి వచ్చింది. చుక్కలు చెంపల మీదుగా కారిపోయాయి. ఇంటికి వచ్చి నా కాలేజీ నోటుబుక్కు వెతికాను. నేర్చిన భయాన్ని మాన్పించవచ్చని అందులో నా చేతిరాతతోనే ఉంది. భయపెట్టేదాన్ని దూరం నుంచి, ఇష్టమైన వస్తువుతో కలిపి, కొంచెం కొంచెంగా అలవాటు చేయాలి. అందుకు నెలలు పడతాయి. కన్నుకు అన్ని నెలలు లేవు. మళ్లీ మళ్లీ పట్టుకున్నాం.

నాలుగో వారానికి పెనుగులాట ఆగిపోయింది. కూర్చోమంటే కూర్చుంది, తెరవమంటే తెరిచింది. "ఎంత మంచి పిల్ల," అన్నాడు డాక్టరు. ఇంట్లోనూ అంతే. ఏది పెడితే అది తినేది. "బుద్ధొచ్చింది దానికి," అని అత్తమ్మ మురిసింది. ఒకరోజు పక్కింటి పిల్లలు ఆటలో దాన్ని ఒకచోట నిలబెట్టి, మరిచిపోయి ఇళ్లకు పోయారు. నేను వెళ్లి చూసేసరికి ఎండలో అక్కడే నిలబడి ఉంది. ఎందుకు రాలేదంటే, రమ్మనలేదుగా అంది. ఆ రోజు నుంచి నాకు దాని అల్లరి కోసం ప్రాణం కొట్టుకుంటోంది. ఇప్పుడు కూడా, ఇది రాస్తూ, ఒక్కసారైనా నిద్రలో కాళ్లు విసురుతుందేమోనని లేచి చూసి వస్తున్నాను. పడుకోబెట్టినట్టే ఉంది.

మొన్న డాక్టరు దీపం పెట్టి ఎడమ కంటి ముందు అటూ ఇటూ తిప్పాడు. పిల్ల కదలకుండా కూర్చుంది. కన్ను కూడా కదల్లేదు. చుక్కలు ఇక వేసినా ఫలం లేదని ఆయన నాతో మెల్లగా చెప్పి, చేతులు కడుక్కోవడానికి పోయాడు.

బండిలో సగం దూరం వచ్చాక పిల్ల అడిగింది.

"అమ్మా, మంచిగ కూసున్ననా?"

"మంచిగ కూసున్నవు బిడ్డా."

"అయితే కన్ను ఎప్పుడిస్తడు?"

కన్ను డాక్టరు దగ్గర ఉందనీ, చెప్పినట్టు వింటే తిరిగి ఇస్తాడనీ అనుకుని, అది ఇన్ని వారాలు కూర్చుంది. అట్లా ఎవరూ చెప్పలేదు. మేం నేర్పినదాన్ని బట్టి అదే లెక్క కట్టుకుంది. లేదని చెప్పడానికి నోరు తెరిచాను.

"ఇస్తడు," అన్నాను. "గిట్లనే మంచిగ ఉండాలె."

పిల్ల రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఇంకొంచెం నిటారుగా కూర్చుంది.