తెలుగులో తప్పిన వందన

వందన టీచర్‌ది కొమరోలు మండలంలో ఒక చిన్న పల్లె. వాళ్ళకు పొలం లేదు. జనవరి వచ్చేసరికి పల్లెలో సగం ఇళ్ళకు తాళాలు పడేవి. అందరూ గుంటూరు వైపు మిరపకోతలకు వెళ్ళిపోయేవారు. బట్టల మూటలతో పాటు పిల్లలూ వెళ్ళేవారు. ఆరో తరగతి నుంచి వందన ఏ సంవత్సరమూ చివరిదాకా బడికి వెళ్ళలేదు.

పదో తరగతిలో మాత్రం రానని మొండికేసింది. ఆ ఏడే తల్లి రోజీకి నడుము పట్టేసింది. తండ్రి నిత్యానందం అప్పటికే ముగ్గురం వస్తామని కూలీలను తీసుకెళ్ళే మేస్త్రికి మాట ఇచ్చేశాడు.

"మీ అమ్మ వంగలేదు కదమ్మా. నువ్వు గూడా రాకపోతే నేనొక్కణ్ణి ఏం కొయ్యాల?"

"పరీక్ష పోతే ఇంక నా బతుకంతా ఆ చేలల్లోనే నాయనా."

"పరీక్షకు పంపిస్తా. ఒట్టు."

"ఒట్లు పెట్టబాక," అంది రోజీ మంచం మీద నుంచి. "పంపిచ్చు, చాలు."

తెలుగు చెప్పే లక్ష్మీనరసయ్య సారు వాళ్ళు ఎక్కే బస్సు దగ్గరికి వచ్చాడు. "వారం ముందు పంపాల నిత్యానందం. వారం! ఒక్కసారన్నా పుస్తకాలు తిరగెయ్యాల ఆ పిల్ల."

"పంపిస్తా సార్. కోత మాకు, రాత దానికి," అని నవ్వాడు నిత్యానందం. సారు నవ్వలేదు.

కోతల్లో మొదటి పది రోజులు చేతులు నిప్పుల్లో పెట్టినట్టుంటాయి. ఆముదం రాసుకుంటారు, మజ్జిగలో ముంచుకుంటారు. ఆ తర్వాత చర్మం మొద్దుబారి మంట తెలియదు. కారం మాత్రం గోళ్ళ సందుల్లో అట్లాగే ఉంటుంది. అందుకే అక్కడ ఎవరూ చేత్తో ముఖం తుడుచుకోరు. చెమట పడితే భుజం ఎత్తి జాకెట్టు చేతికి రాసుకుంటారు. చిన్నపిల్లలకైనా మొదట నేర్పేది అదే.

వందన సాళ్ళ మధ్య నడుస్తూ పద్యాలు వల్లె వేసేది. పక్క సాలు ఆడవాళ్ళు, "ఏంది పాపా, కాయలకు పాట పాడుతున్నావా? పండుతాయేమో పాడు, పాడు!" అని ఆటపట్టించేవారు.

మార్చిలో మబ్బు పట్టింది. కల్లంలో కాయ తడిస్తే రైతు మునుగుతాడు. మేస్త్రి ఎవరినీ కదలనివ్వలేదు. వారం నాలుగు రోజులైంది, నాలుగు రోజులు ఒక్కరోజైంది. పరీక్షకు ముందు రోజు పొద్దున కూడా కాయ ఎత్తి, అక్కడి నుంచే రైలెక్కి గిద్దలూరులో దిగింది వందన.

మొదటి పరీక్ష తెలుగు. కాగితం తిప్పగానే మొదటి ప్రశ్నే తనకు బాగా వచ్చిన పద్యం. సంతోషంతో కళ్ళు చెమర్చాయి. వేలితో తుడుచుకుంది.

పొలంలో మూడు నెలలు ఒక్కసారీ చెయ్యని తప్పు, బెంచీ మీద పావుగంటలో చేసింది.

రెండు కళ్ళూ భగ్గుమన్నాయి. అరుపు ఆపుకోలేకపోయింది. ఇన్విజిలేటర్ మేడమ్ వచ్చి, "ఏంది, చదవకుండా వచ్చి డ్రామానా?" అంది. కళ్ళు చూశాక కంగారుపడి కొళాయి దగ్గరికి తీసుకుపోయింది. వందన ఆ చేతులతోనే నీళ్ళు కొట్టుకుంది. మంట రెట్టింపైంది.

"మేడమ్, నేను చెప్తా, మీరు రాయండి మేడమ్. నాకన్నీ వచ్చు. మీ కాళ్ళు పట్టుకుంటా."

"అట్ల రాయగూడదమ్మా. నా ఉద్యోగం పోతాది."

చివరి అరగంటలో కాగితానికి ముఖం ఆనించి రాసింది. ఒక వరుస మీద ఇంకో వరుస పడింది. మర్నాడు తెలుగు రెండో పేపరూ వాచిన రెప్పలతోనే రాసింది. ఫలితాల్లో లెక్కలు, సైన్సు అన్నీ గట్టెక్కాయి. తెలుగు పోయింది, నాలుగు మార్కుల్లో.

ఊరంతా నవ్వింది. వాళ్ళు కూలికి వెళ్ళే రైతింటి కాశమ్మ, "తెలుగులో తప్పడమేందే! ఇంట్లో ఇంగిలీషు మాట్లాడుకుంటారా మీరు?" అంది. జరిగింది చెబితే, కారం సాకు భలే దొరికిందన్నారు. వందన రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు సారు ఇంటికి వెళ్ళి వాకిట్లో నిలబడింది.

"నేను చదివినా సార్. ఎవురూ నమ్మడంలా."

ఆయన ఓదార్చలేదు. "ఆ మొదటి ప్రశ్న చెప్పు," అన్నాడు. వందన పద్యం చెప్పింది, అర్థం చెప్పింది, ఏడుస్తూ భావం కూడా చెప్పింది.

"కోతలకు పోయి తప్పినోళ్ళు మీ పల్లెలో ఎంతమందే?"

"నాతో ఏడుగురు సార్."

"నాకు చెప్పినట్టే వాళ్ళకు చెప్పు. జూన్‌లో మళ్ళీ పరీక్ష ఉంది. నేను వారానికి రెండుసార్లొచ్చి కూర్చుంటా."

ఆ ఎండాకాలం పల్లె చర్చిలో చాపల మీద ఏడుగురూ కూర్చున్నారు. వందన చెప్పింది. మొదటివారం ఆమె గొంతు ఎవరికీ వినపడలేదు. డానీ అనే అబ్బాయి మధ్యలోనే మార్కాపురం పలకల పనికి పోయాడు. అతని ఇంటికి నాలుగుసార్లు తిరిగింది, రాలేదు. మిగిలిన ఆరుగురిలో నలుగురు పాసయ్యారు. అందులో వందన ఒకరు. పాసైన రోజున ఆమెకు సంతోషం కలగలేదట. తప్పిన ఇద్దరి ముఖాలు, డానీ ముఖం కనిపించాయట.

ఆ తర్వాత ఇంటరు, డిగ్రీ, బీఈడీ. ప్రతి ఏడూ కోతలు. రెండు డీఎస్సీలు పోయి, మూడోదాంట్లో ఉద్యోగం వచ్చింది.

ఇప్పుడు ఆమె వెలిగండ్ల మండలంలో హైస్కూలు తెలుగు టీచరు. ఈ ఏడు పదో తరగతిలో పద్నాలుగు మంది కోతలకు వెళ్ళిపోయారు. పోయిన ఆదివారం ఆమె పొద్దున్నే రైలెక్కి పోయి, చేల వెంట తిరిగి, ఐదుగురిని వెంటబెట్టుకొచ్చింది. మిగతావాళ్ళ అమ్మానాన్నలు మేస్త్రిని అడగమన్నారు. మేస్త్రి ఫోను ఎత్తడం లేదు. పరీక్షలకు ఇంక తొమ్మిది రోజులే.