పెనం గోకుడు

కపిలేశ్వరపురం లంకలో ఫ్యాక్టరీకి తోలని చెరకంతా మాణిక్యాలరావు బెల్లం పెనానికే వస్తుంది. పొట్టి మనిషి. మోచేతుల దాకా పాకం చింది కాలిన మచ్చలు, లుంగీ నిండా తడి పిప్పి వాసన. రసం పెనంలో పోసిన దగ్గర్నుంచి దించేదాకా మాట్లాడడు, ఎవర్నీ మాట్లాడనివ్వడు. పాకం చెప్పేది వినాలంటాడు. బెల్లం కుదిరితే, పెనం గోకిన తొలి ముద్ద వండినవాళ్లదే అన్నది అక్కడి ఆనవాయితీ. ఇన్నేళ్లూ అది ఆయనే తిన్నాడు.

ఈ ఏడు కంటి ఆపరేషనైంది, పొగ దగ్గరికి వెళ్లొద్దన్నారు. గరిటె కోడలు హేమ పట్టింది. ఆమె వండే మొదటి పెనం ఇదే. పాకం ముదిరితే రైతు ప్రభాకరరావు తెచ్చిన చెరకంతా మాడు బెల్లమే. మాణిక్యాలరావు నల్లద్దాలు పెట్టుకుని ప్రభాకరరావు పక్కన బెల్లం పాక బయట కూర్చున్నాడు. లోపల బుడగల చప్పుడు చిక్కబడగానే లేచి నోరు తెరిచాడు.

“మాట్లాడకూడదండీ మావయ్యగారూ!” అంది హేమ లోపల్నుంచి.

“ఆయ్,” అని కూలబడ్డాడు.

ప్రభాకరరావు పకపకా నవ్వేడు. “ఇన్నాళ్లకి దొరికేరండీ!”

“మీరు కూడానండీ,” అంది హేమ.

పాకం అచ్చుల్లో పోసి, పెనం గోకి, ముద్ద చేతిలో పట్టుకుని నిలబడింది. కాసేపటికి అచ్చు బోర్లిస్తే బెల్లం గట్టిగా, బంగారు రంగులో నిలిచింది. అప్పుడు ముద్ద నోట్లో వేసుకుంది. మాణిక్యాలరావు చెయ్యి చాపేడు.

“నాకూ కాస్త పెట్టమ్మా.”

“వండినవాళ్లకేనండీ,” అంటూనే ఆయన అరచేతిలో రెండో ముద్ద పెట్టింది. ఆయన అది తిని వేళ్లు నాక్కున్నాడు. ఆ పూటంతా మరి మాట్లాడుతూనే ఉన్నాడు.