జీడినూనె పూయని దూలం

ఒక మాట ఏళ్ల తరబడి నాలోనే పెట్టుకుని తిరుగుతున్నాను. అన్నం ముందు కూర్చున్నా అదే గుర్తుకొస్తుంది. నా భార్యకు కూడా చెప్పలేదు. మీకు చెబుతున్నాను. పంతులుగారి అరుగు మీద మూడో తరగతి దాకా చదివినవాణ్ణి. దూలాల మీద కొలతలు తప్ప ఎప్పుడూ ఏమీ రాయలేదు. తప్పులుంటే మీరే సర్దుకోండి. మధ్యలో మాత్రం ఆపేయకండి.

నాది వడ్ల పని, అంటే వడ్రంగం. మాది బాన్సువాడ దగ్గర పల్లె. నిజాంసాగర్ కాలువ నీళ్లు మా పొలాలకు వచ్చిన కొత్తలో వరి బాగా పండింది, చాలామంది ఇళ్లు కట్టుకున్నారు. నేల మాత్రం ఎప్పుడూ చెమ్మగా ఉండేది. అంతకు ముందు ఎన్నడూ లేనంత చెద పట్టింది. అందుకే గోడలోకి పోయే దూలం కొసలకు జీడినూనె పూయకుండా ఎవరూ ఇల్లు ఎత్తేవారు కాదు. నల్ల జీడిగింజలను కుండలో కాల్చి, కారిన నూనెను వేడివేడిగా గుడ్డతో అద్దాలి. ఇక చెద దగ్గరకు రాదు. కానీ ఆ నూనె చర్మానికి తగిలితే పొక్కులు లేస్తాయి. ఆవిరి తగిలినా మొహం వాస్తుంది.

సాయవ్వకు భర్త లేడు. ఒక్కతే బిడ్డ, నర్సవ్వ. ఇద్దరూ నాట్లు వేసి, కలుపు తీసి, కష్టపడి రెండు గదుల ఇల్లు మొదలుపెట్టారు. జీడిగింజలు సాయవ్వే అడవికి పోయి గంపెడు ఏరుకొచ్చింది. మంచిగా పూయమని గంప నా ముందు పెట్టింది.

అప్పటికి వారం రోజుల్లో నా పెళ్లి. పొక్కుల మొహంతో పీటల మీద కూర్చోవాలా? ఇదే నా ఆలోచన. ఇంతే. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉందేమోనని ఎన్నోసార్లు నాలో వెతుక్కున్నాను. లేదు. ఆముదంలో పొయ్యి మసి కలిపి దూలం కొసకు పూశాను. చూడటానికి అదీ నల్లగానే ఉంటుంది. గోడ కట్టాక ఎవరు చూస్తారు? గింజలను కాలువ గట్టు అవతల పారబోశాను. సాయవ్వ పెళ్లికి వచ్చి, మొహం మీద ఒక్క పొక్కన్నా లేదేందిరా, జీడినూనె గూడ నీకు భయపడ్డదా అని నవ్వింది. నేనూ నవ్వాను.

నాలుగు వానకాలాలు గడిచాయి. ఒక రోజు సాయవ్వ పిలిస్తే వెళ్లాను. ఆ దూలం కింద, గోడ మూలన, జానెడు పుట్ట లేచింది. అక్కడి నుంచి సన్నటి మట్టి దారి గోడ మీదుగా పైకి పోయింది. ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. ఏం చేయాలో కూడా తెలుసు. పుట్టను అడుగుదాకా తవ్వి తల్లి పురుగును తీయాలి, గుంతలో బూడిద, సున్నం నింపాలి, గోడ విప్పి దూలం చూడాలి. కానీ గోడ విప్పితే మసి బయటపడుతుంది.

“గడ్డపార దేవాల్నా?” అని అడిగింది.

నేను అన్న మాట అక్షరం మార్చకుండా రాస్తున్నాను.

“వద్దవ్వా. గిది చెద గాదు. అమ్మ ఎలిసింది. గడ్డపార తాకియ్యకు. శుక్రారం శుక్రారం పసుపు కుంకుమ పెట్టి మొక్కు.”

మా దగ్గర పుట్టకు మొక్కని ఇల్లు లేదు. ఆ నమ్మకం వెనక దాక్కున్నాను. ఆమె పుట్టకు చేతులు జోడించింది. తర్వాత నాకు కూడా జోడించింది.

రెండేళ్లు ప్రతి శుక్రవారం ఆ పుట్ట మీద పాలు పోసింది. గోడకు చెమ్మ ఇంకా పెరిగింది. నేను ఆ ఇంటి ముందు నుంచి నడవడం మానేసి చుట్టూ తిరిగి పోయేవాణ్ణి.

తర్వాత ఒక వానకాలం నాట్లకని సాయవ్వ నస్రుల్లాబాద్ వైపు పోయి, ఒక్క శుక్రవారం రాలేకపోయింది. నర్సవ్వ జ్వరంతో ఇంట్లోనే ఉండి, ఆ పూజ చేయలేదు. శనివారం పొద్దున ఆ గదిలో కూర్చుని బియ్యం చెరుగుతుంటే దూలం ఆమె మీదికి దిగింది. దాన్ని లేపిన నలుగురిలో నేనూ ఉన్నాను. కొస నా చేతిలోనే పొడిపొడి అయింది. లోపలంతా డొల్ల. ప్రాణం పోయినా నర్సవ్వ చేట వదల్లేదు.

మధ్యాహ్నానికి సాయవ్వ వచ్చింది. ఏడవలేదు. నా దగ్గరికే వచ్చింది.

“నువ్వు జెప్పనే జెప్పినవ్ బిడ్డా. నేనే ఒక్క శుక్రారం దప్పిన. అమ్మకు కోపమొచ్చింది. నా పిల్లను నేనే సంపుకున్న.”

“ఫికర్ జెయ్యకవ్వా” అన్నాను, దిగులుపడొద్దని.

ఏం మాట అది? కాదని ఒక్క ముక్క చెబితే అయిపోయేది. చెబితే ఆమె బాధ ఇంకా ఎక్కువవుతుందని, నమ్మిన మనిషే ఇట్లా చేశాడని తెలిస్తే తట్టుకోలేదని నాకు నేను ఎన్నో రకాలుగా చెప్పుకున్నాను. నిజమా? కాదు. ఊరంతా నా గడప ముందు నిలబడుతుందని భయం. ఆమె మీద దయ కాదు, భయం.

ఆ తర్వాత ఎవరి ఇంటికైనా నేనే నూనె తీసి పూశాను. చేతుల తోలు ఎన్నిసార్లు ఊడిందో. దాన్ని పెద్ద పనిగా చెప్పడం లేదు. ఆమె ఇంటికి పూయలేదు కదా.

సాయవ్వ వాళ్ల చుట్టం కొట్టంలో చివరిదాకా బతికింది. వారమంతా కూలికి పోయి, శుక్రవారం మాత్రం పొలం గట్టు మీది పుట్ట దగ్గర నుదురు నేలకు ఆనించి కూర్చునేది. తప్పు కాయమని అడిగేది. నేను అటు వైపు పనికి పోతూ విన్నాను. ఆగలేదు. ఒక్కసారీ ఆగలేదు.

ఆమె పోయి ఇరవై రోజులు. తనే తప్పు చేశాననుకుంటూ పోయింది. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, ఆ హక్కు మీకు లేదు, ఉన్నవాళ్లు లేరు. ఇది మాత్రం రాసి పెడుతున్నాను. అవ్వా, నర్సవ్వను నువ్వు చంపలేదు. అమ్మా చంపలేదు. నేను చంపాను.

రాశాను. మాట బయటికి వచ్చింది.