దేవప్ప నేర్చిన రొట్టె

దేవప్ప పుట్టింది పోలీసు యాక్షన్ జరిగిన ఏడు. తాండూరు అవతల, కరణ్‌కోట వైపున్న ఆ చిన్న ఊళ్లో దానివల్ల తిండి విషయంలో ఏ మార్పూ రాలేదు. నిజాం రాజ్యం పోయింది, జొన్నరొట్టె ఉండిపోయింది. పొద్దున రొట్టె, చేలో రొట్టె, దీపాలు పెట్టాక రొట్టె. అన్నం పండుగలకూ, పెళ్లిళ్లకూ, జ్వరం వచ్చినవాళ్లకూ. అందుకని చిన్నప్పుడు దేవప్పకు జ్వరమంటే కొంచెం ఇష్టంగానే ఉండేది.

తండ్రి బాలప్పది కందీ జొన్నా పండించే సేద్యం. ఎడ్లతో మాట్లాడినంత ఎక్కువగా మనుషులతో మాట్లాడేవాడు కాదు. తల్లి చంద్రవ్వ పొయ్యి ముందు కూర్చుందంటే ఇంట్లో అందరి కడుపులూ నిండేదాకా లేచేది కాదు. ఆ ఇళ్లలో పద్ధతి అదే. పెనం మీద నుంచి దిగిన రొట్టె దిగినట్టు మగవాళ్ల పళ్లెంలోకీ పిల్లల పళ్లెంలోకీ పోతుంది. చేసిన మనిషి అంతా అయ్యాక, పొయ్యి ఆర్పి, గంపలో మిగిలినది తింటుంది. ఇలాగే తినాలని ఎవరూ చెప్పలేదు కనక ఎవరూ దాని గురించి ఆలోచించనూ లేదు. ఇక మగవాడు పొయ్యి ముందు కూర్చోవడమన్నది ఆ ఊళ్లో ఎవరూ కని విని ఎరగరు.

వికారాబాదులో కాలేజి పెట్టిన కొత్తలో దేవప్ప అక్కడ పీయూసీలో చేరాడు. తమ ఊరి నుంచి కాలేజి మెట్లెక్కిన మొదటివాడు అతనే. బాలప్ప దానికి సంతోషించాడో లేదో ఎవరికీ తెలియదు. తాండూరు స్టేషను దాకా బండి కట్టాడు, అంతే. చంద్రవ్వ ఒక సంచిలో జొన్నపిండి, ఇంకో సంచిలో కందిపప్పు, జాడీలో మామిడికాయ తొక్కు సర్ది ఇచ్చింది. కొడుక్కు రొట్టె చేయడం వచ్చా అని ఆమె అడగలేదు. పిండంటూ ఉంటే రొట్టె అదే అవుతుందని ఆమె ధైర్యం.

వికారాబాదులో రామమ్మ అనే ఆవిడ ఇంటి వెనక గదిలో దిగాడు. అదే గదిలో బొంరాస్‌పేట నుంచి వచ్చిన యాదగిరి ఉండేవాడు. వంట తనకు వచ్చని యాదగిరి మొదటిరోజే చెప్పాడు. అతనికి వచ్చిన వంట అన్నం.

కాలేజిలో చదివేవాళ్లంతా అన్నం తినేవాళ్లేనని దేవప్పకు ఎందుకో మనసులో పడిపోయింది. తెల్లచొక్కా వేసుకుని ఇంగ్లీషు పాఠం చెప్పే లెక్చరరు ఇంటికి పోయి జొన్నరొట్టె విరుచుకుంటాడని ఊహించడానికి అతనికి మనసొప్పలేదు. చదువు పుణ్యమా అని రోజూ తెల్లన్నం తినే యోగం పట్టింది, ఇంకా రొట్టె ఏమిటి? తల్లి ఇచ్చిన పిండి సంచి తీసుకుపోయి రామమ్మకు ఇచ్చాడు.

"పెద్దమ్మా, పిండి ఎక్కువైంది. నీ బర్రెకు కలుపు."

రామమ్మ కాదనలేదు. బర్రె అసలే కాదనలేదు.

పప్పు మాత్రం వండుదామనే చూశాడు. కందిపప్పు, చింతపండు, ఉప్పు, కారం, నీళ్లు అన్నీ గిన్నెలో ఒక్కసారే పోసి స్టవ్వు మీద పెట్టాడు. కిరసనాయిలు అయిపోయింది గాని పప్పు ఉడకలేదు. గింజలు పోసింది పోసినట్టే ఉన్నాయి. రామమ్మ వచ్చి గిన్నెలోకి తొంగి చూసింది.

"తాండూరోనివి, పప్పు ఉడకపెట్టుడు రాదా? పులుసు ముందుగాల్నే పోస్తే ఎట్ల ఉడుకుతదిరా?"

కందులకు పేరుపడ్డ తాండూరు పరువు తన చేతిలో పోయిందని దేవప్పకు తల కొట్టేసినట్టయింది. మళ్లీ పప్పు జోలికి పోలేదు. ఆ సంచి కూడా బర్రెకే పోయింది. ఇక పొద్దున చాయ్, బిస్కట్లు. మధ్యాహ్నం అన్నం, తొక్కు. రాత్రికి అన్నం, ఇంకాస్త తొక్కు. బర్రె నిగనిగలాడుతూ వచ్చింది. దేవప్ప చొక్కా మాత్రం రోజురోజుకూ వదులైంది. యాదగిరికి వారం వారం ఇంటి నుంచి సద్దులు వచ్చేవి, అతనికి ఫికర్ లేదు.

దసరా సెలవులకు ఇంటికి పోతే చంద్రవ్వ వాకిట్లోనే నిలబడిపోయింది. కొడుకు రెక్క పట్టుకుని చూసింది, చెయ్యి చుట్టూ ఆమె వేళ్లు కలుసుకున్నాయి. వికారాబాదు పోయినవాడు చిక్కిపోయి, దగ్గుతూ తిరిగి వచ్చాడంటే ఆ రోజుల్లో జనానికి తోచేది ఒక్కటే, అనంతగిరి గుట్ట మీది క్షయ దవాఖాన. పక్కింటి ఈరయ్య మనసులో దాచుకునే మనిషి కాదు.

"పోరడు సదువుకు పోయిండా, దవాఖాన్ల పడ్డడా?" అని బాలప్పను వాకిట్లోనే అడిగేశాడు.

బాలప్ప ఎడ్లను కొట్టంలోకి తోలుకుపోయాడు. సాయంత్రం ఎడ్లకు మేత వేస్తూ, ఎడ్ల వైపే చూస్తూ కొడుకుతో అన్నాడు.

"కంది కోతలకు రా. బస్తా ఈపు మీద ఏస్కొని బండిల ఏస్తివా, సదువుకో. ఏయకపోతివా, అరక పట్టు. మనిషే లేకుంట అయినంక సదువేం జేస్తది?"

ఆ మాటలో తప్పేమీ కనపడకపోవడమే దేవప్పకు భయమైంది. చదువు అతనికి నిజంగా ఇష్టం. ఆ ఊళ్లో ఎవరికీ చెప్పుకోలేనంత ఇష్టం.

బయల్దేరేటప్పుడు చంద్రవ్వ ఈసారి రెండు సంచుల పిండి కట్టింది. "పిండి సాలుతలేదు గావొచ్చు కొడుకా, నాకు ఎరుకలేక తక్కువ ఇచ్చిన," అంది. దేవప్ప తలెత్తి ఆమె మొహం చూడలేకపోయాడు. సిగ్గుతో చచ్చిపోయాడు.

వికారాబాదు చేరగానే దవాఖానకు పోయాడు. డాక్టరు ఛాతీ చూశాడు, వీపు చూశాడు, దగ్గమన్నాడు.

"ఏం తింటున్నవ్?"

"అన్నం సార్."

"దేంతోటి?"

"తొక్కుతోటి."

"రాత్రి?"

"మిగిలిన తొక్కుతోటి."

డాక్టరు గొట్టం మెడలోంచి తీసి బల్ల మీద పెట్టాడు. "నీకు బీమారి లేదు, తిండి లేదు. పప్పు తిను, ఆకుకూర తిను. మీ దిక్కు జొన్నలు పండవా?"

పండుతాయని దేవప్ప ఒప్పుకున్నాడు.

ఈసారి పిండి బర్రెకు ఇవ్వనని చెప్పేసరికి రామమ్మ మూతి ముడిచింది. "దానికి అలవాటు చేసి ఇప్పుడు గిట్లంటే ఎట్ల?" అంది. అయినా మంచి మనిషి, రొట్టె నేర్పడానికి ఒప్పుకుంది. చిక్కేమిటంటే రామమ్మ రొట్టెలు ఆ వాడలోనే మందం. ఆవిడ చెప్పే తీరు ఇంకా మందం. నీళ్లెన్ని పోయాలంటే "సూస్కుంట పోయ్" అనేది. ఎంతసేపు పిసకాలంటే "అయ్యేదాంక" అనేది.

మొదటి రొట్టె పీట మీదే చీలింది. రెండోది పెనం దాకా పోయి అక్కడ మూడు ముక్కలైంది. మరిగే నీళ్లలో చెయ్యి పెట్టి బొబ్బలు తెచ్చుకున్నాడు. చల్లనీళ్లతో కలిపి చూస్తే పిండి అసలు మాటే వినలేదు. యాదగిరి గుమ్మంలో నిలబడి, "గిది రొట్టెనా, అటుకులా?" అని అడిగాడు. దేవప్ప పట్టించుకోలేదు, ముక్కలన్నీ ఏరుకుని తిన్నాడు. విరిగినా రొట్టె రొట్టే కదా. వేడిగా, జొన్న వాసనతో ముక్క నోట్లోకి పోతే ఇంట్లో తల్లి పొయ్యి ముందు కూర్చున్నట్టే అనిపించింది. దాన్నా ఇన్నాళ్లూ బర్రెకు పెట్టింది అని తనను తాను తిట్టుకున్నాడు.

పప్పు ఉడికాకే పులుసు పోయడం నేర్చాడు. కాలేజి నుంచి వస్తూ చేల గట్ల మీద గంగవాయిలి కూర తెంపుకొచ్చి పప్పులో వేసేవాడు. పుంటికూర దొరికితే పుంటికూర. బిస్కట్ల వైపు చూపు పోకుండా చాయ్ దుకాణం ముందు నుంచి తల వంచుకుని నడిచేవాడు. చలికాలం ముదిరేసరికి అతని రొట్టె గుండ్రంగా వచ్చింది, పెనం మీద పొంగింది కూడా. దగ్గు పోయింది, చొక్కా మళ్లీ ఒంటికి పట్టింది. రామమ్మ ఒక రొట్టె అడిగి తీసుకుని తిని, "నేను నేర్పినదే గదా," అంది.

సంక్రాంతి సెలవుల్లో కంది కోతలకు ఇంటికి పోయేసరికి చంద్రవ్వ కుడిచేతికి పసుపు గుడ్డ ఉంది. చేలో కంది మోడు అరచేతిలో దిగిందట. చెయ్యి వాచిపోయింది. నాలుగు రోజులుగా పక్కింటి నాగవ్వ రొట్టెలు చేసి పంపుతోంది. అవి వచ్చేసరికి చల్లారిపోతున్నాయని బాలప్ప అనలేదు గాని సగమే తింటున్నాడు.

తెల్లారి దేవప్ప పొయ్యి ముట్టించి పీట ముందు కూర్చున్నాడు.

"లేవురా, ఎవలన్న సూస్తే నవ్వుతరు," అంది చంద్రవ్వ.

"నవ్వనీ అవ్వా."

నీళ్లు మరగనిచ్చి పిండిలో పోశాడు. పిసికాడు, కొట్టాడు, పెనం మీద వేసి పైన తడి గుడ్డ అద్దాడు. బాలప్ప గోడకు చేరగిలి కళ్లప్పగించి చూస్తున్నాడు. రొట్టె పొంగి దిగింది. అలవాటు ప్రకారం అది బాలప్ప పళ్లెంలోకి పోవాలి, ఆయన పళ్లెం ముందుకు జరిపాడు కూడా. దేవప్ప దాన్ని తల్లి ముందు పెట్టాడు.

చంద్రవ్వ ముట్టుకోలేదు. రొట్టె వైపు చూస్తూ కూర్చుంది.

"తిను అవ్వా."

"సల్లగ కానియ్యిరా. గింత కాలుతుంటే ఎట్ల తింటరు?"

ఆమె మామూలుగానే అంది. దేవప్ప చేతిలోని పిండి అలాగే ఉండిపోయింది. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ పొయ్యి మీద ఆమె చేసిన రొట్టెలకు లెక్క లేదు. వాటి వేడి ఆమె వేళ్లకు తెలుసు. నోటికి తెలియదు. దేవప్పకు ఏడుపు వచ్చింది. పొగ అని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. ముక్క తుంచి, ఊది, తనే తల్లి నోట్లో పెట్టాడు. ఆమె మెల్లగా నమిలింది.

"ఏడి రొట్టె గిట్లుంటదా?" అంది. ఆ మాట అని ఎవరి వైపూ చూడలేదు. బాలప్ప తన పళ్లెం వెనక్కి జరుపుకున్నాడు.

ఆ మధ్యాహ్నం కళ్లంలో ఇద్దరు చెయ్యి వేస్తే దేవప్ప కంది బస్తా వీపు మీదికి తీసుకుని నడిచి బండిలో వేశాడు. మధ్యలో ఎక్కడా ఆగలేదు. చూడడానికనే వచ్చిన ఈరయ్య ఏమీ అనడానికి దొరక్క ఇంటికి పోయాడు. చదువు దక్కిందని దేవప్ప అనుకున్నాడు. సాయంత్రం బాలప్ప ఎడ్లకు చెప్పినట్టు చెప్పాడు.

"బస్తా ఏసినవ్, బాగుంది. మరి మీ అవ్వ చెయ్యి వాపు ఎప్పుడు తక్కువైతదో. నువ్వు పోతే రొట్టెలెవలు చేస్తరు?"

బతకడానికి నేర్చుకున్న విద్యే చదువుకు అడ్డం వచ్చింది. దేవప్పకు ఎదురు చెప్పాలని అనిపించలేదు. ఉండిపోదామనే అనిపించింది. పరీక్షలకు ఇంకా ఎన్ని రోజులున్నాయో మాత్రం పిండి పిసుకుతూ లెక్కపెట్టుకునేవాడు. సెలవులు అయిపోయినా రోజూ రొట్టెలు చేశాడు. మొదటిది అవ్వకు పెట్టాడు. ఊదుకుని తినడం ఆమె నేర్చుకుంది. బాలప్ప రోజూ అదే గోడకు చేరగిలి కూర్చున్నాడు.

ఒక పొద్దున బాలప్ప బండి కట్టాడు. "పుస్తకాలు తీస్కో, రైలు టైమైతది," అన్నాడు. చంద్రవ్వ ఎడమచేత్తో పిండి సంచి మూతి పట్టుకుంటే దేవప్ప కట్టుకున్నాడు.

 తాండూరు స్టేషను కనపడ్డాక బాలప్ప ఎడ్ల వైపే చూస్తూ అడిగాడు.

"నీళ్లు మరిగినంక పిండిల పొయ్యాల్నా, పిండే నీళ్లల్ల ఏయాల్నా?"

దేవప్ప తండ్రి వైపు తిరిగాడు. 

"నీళ్లే పిండిల పొయ్యాలె నాయినా. మొదలు గంటెతోని కలుపు, లేకుంటె చెయ్యి కాలుతది."

"ఊఁ. మొదటిది ఇరిగిపోతదా?"

"పోతది. నాకైతే శానా దినాలు ఇరిగినయి."

బాలప్ప పగ్గాలు సరిచేసుకున్నాడు.

"ఇరిగింది నేను తింట తియ్," అని ఎడ్లను అదిలించాడు.