పసుపు అంటని గౌను

కర్నూలులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో, బట్టలు ఉతికే గదికి ఆనుకుని చిన్న కుట్టుగది ఉంది. గంగక్క పదకొండేళ్లుగా అందులోనే పనిచేస్తోంది. చినిగిన దుప్పట్లకు అతుకులు వేయడం, నర్సులు బట్టల మీద వేసుకునే గౌన్లకు తెగిన నాడాలు కుట్టడం ఆమె పని. సొంతూరు కోసిగి. వానలు మొండికేసిన ప్రతి ఏడాదీ ఊళ్లో అందరితోపాటు తనూ గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోయేది. నడుము పట్టేశాక కుట్టుపని నేర్చుకుని ఇక్కడ కుదిరింది.

పోయిన ఎండాకాలం, కాలిన గాయాల వార్డులో ఒకరి పుండుకు పట్టిన ఇన్ఫెక్షను పక్కనున్న ఇద్దరికీ అంటుకుంది. ముగ్గురూ కోలుకున్నారు గానీ, నర్సులు చేతులు సరిగా కడగడం లేదని అందరికీ చీవాట్లు పడ్డాయి. ఆ మధ్యాహ్నం దీవెన అనే నర్సు నాడా తెగిన గౌను పట్టుకుని కుట్టుగదికి వచ్చి స్టూలు మీద కూలబడింది.

“నా చేతులు చూడు గంగక్కా. కడిగి కడిగి తోలు లేస్తాండాది. ఇంకెన్నిసార్లు కడగాల?”

గంగక్క నాడా కుట్టి గౌను చేతికిచ్చింది. “ఇది ఏసుకుని, గ్లౌజులు తొడుక్కో సిస్టరమ్మా. మంచం మీద మనిషిని పక్కకు తిప్పినట్టు చేతులు చాపు.”

దీవెన చాపింది. గౌను చెయ్యి పైకి జరిగి, గ్లౌజుకూ బట్టకూ నడుమ రెండు వేళ్ల మేర మణికట్టు బయటపడింది.

“ఈడ ఉండాది సందు,” అంది గంగక్క.

మిరపచేలల్లో ఆ చోటే ఎక్కువ మండేది ఆమెకు. పాత సాక్సుల కొస కత్తిరించి, బొటనవేలికి బొక్కపెట్టి, మోచేతి దాకా తొడుక్కునేది. ఇప్పుడూ అదే చేసింది. మెత్తటి అల్లిక బట్టతో పొడుగాటి పట్టీ కుట్టి, బొటనవేలు దూరేలా సందు వదిలి, గౌను చేతులకు అతికించింది. ఆ పట్టీ మీద గ్లౌజు వేసుకుంటే ఎంత చాపినా చెయ్యి బయటపడలేదు.

విప్పేటప్పటి సంగతి ఆమెకు తర్వాత తట్టింది. ఒకరోజు గిన్నెలో పసుపు కలిపి, దీవెన గ్లౌజులకూ గౌను ముందు భాగానికీ పూసి, ఎప్పటిలాగే విప్పమంది. దీవెన విప్పి అద్దంలో చూసుకుంది. మెడ వెనక, జుట్టు మీద, ఒక చెవికి పసుపు.

“పెండ్లికూతురి లెక్క ఉండానే,” అని నవ్వబోయి ఆగిపోయింది.

“ముడి మెడ ఎనక ఉండాదమ్మా. మురికి చేత్తోనే ఇప్పుతాండారు మీరు.”

గంగక్క స్టోరు చూసే ఓబుళేశును ఒక పాత గౌను అడిగింది.

“పైనుంచి కాగితం రావాలక్కా.”

“కొత్తదానికి కాగితం కావాల. చిరిగినదానికి కూడానా అప్పా?”

ఓబుళేశు గొణుక్కుంటూనే రెండు తెచ్చిచ్చాడు. మొదట నాడా తీసేసి, గట్టిగా లాగితే ఊడివచ్చే, చెప్పులకుండేలాంటి అంటుకునే పట్టీ కుట్టింది. నాలుగు ఉతుకులకే దానికి నూలుపోగులు పట్టి అంటుకోవడం మానేసింది. తర్వాత టిచ్ బటన్లు వేసింది. మూడు వేస్తే లాగినప్పుడు బట్ట చిరిగింది. రెండు వేస్తే కుదిరింది: రొమ్ము దగ్గర పట్టుకుని లాగగానే వెనక ఊడి, గౌను తిరగబడుతూ గ్లౌజులతో సహా చుట్టుకుని వచ్చేసింది.

ఇన్ఫెక్షన్ల సంగతి చూసే డాక్టరు తనూజకు దీవెన ఈ మాట చేరవేసింది. తనూజ నమ్మక, ముందు పాత గౌనే వేసుకుని పసుపు పూయించుకుంది. విప్పాక ఆమె కళ్లజోడు కాడకు కూడా పసుపు అంటింది. కొత్తది విప్పాక ఎంత వెతికినా మరక కనబడలేదు.

“రోజుకు ఎన్ని కుట్టగలవు గంగక్కా?”

“మిషను ఒకటే ఉండాది మేడమ్. ఆరు.”

నెలలోపే రెండో మిషను వచ్చింది, దాని మీద కుట్టడానికి శివజ్యోతి అనే అమ్మాయి వచ్చింది. ఆ తర్వాత ఎనిమిది నెలల్లో ఆ వార్డులో ఒకరిది ఒకరికి అంటుకోవడం ఒక్కసారే జరిగింది. అదంతా గౌను చలవేనని తనూజ అనదు. మంచాలు దూరం జరిపారు, చేతులు కడగడం మానలేదు. కానీ సోమవారం సోమవారం కొత్త నర్సులకు గౌను విప్పడం నేర్పే పని మాత్రం గంగక్కకే అప్పగించింది. అయిదో తరగతి చదివిన తన ముందు డిగ్రీ పిల్లలు వరసగా నిలబడితే మొదట్లో గంగక్క గౌను వంకే చూస్తూ చెప్పేది. ఇప్పుడు తొందరపడేవాళ్లను ఆపి మళ్లీ మొదటినుంచి విప్పిస్తుంది.

నిన్న వీరభద్ర అనే ఆరడుగుల నర్సు వచ్చి, పట్టీ తన బొటనవేలి దాకా రావడం లేదన్నాడు.

“శానా పొడుగుండావు కదప్పా,” అంటూ గంగక్క మెడలోని టేపు తీసి, అతని భుజం అందక స్టూలెక్కింది.